అంకుల్ ఎరిక్

ఆటల పీరియడ్ కోసం ఎదురుచూసే మన పిల్లలకు ఎరిక్ లిడెల్ గురించి చెప్పాలనిపించింది. ఆయన 1902లో చైనాలోని టియాన్‌జిన్‌లో, స్కాట్లాండ్ మిషనరీ దంపతులకు పుట్టారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయి. అది దేవుని దినమని ఆయన పరుగెత్తలేదు. 400 మీటర్లలో దిగి 47.6 సెకన్లలో బంగారు పతకం తెచ్చారు. దీని మీద సినిమా కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ తర్వాతి కథే ఇష్టం.

1925లో చైనా వెళ్లి టియాన్‌జిన్ బడిలో సైన్స్ మాస్టారయ్యారు, ఆటలూ నేర్పారు. యుద్ధకాలంలో, 1943లో, జపాన్ వాళ్లు విదేశీయులను వేషియెన్ శిబిరంలో నిర్బంధించారు. భార్యాబిడ్డలను ఆయన అంతకుముందే కెనడా పంపించేశారు. శిబిరంలో అమ్మానాన్నలకు దూరమైన బడిపిల్లలు చాలామంది ఉన్నారు. హాస్టల్ వార్డెన్‌ని కదా, చదువుతూ ఇక్కడే ఆగిపోయాను. ఆయన వాళ్లకు పాఠాలు చెప్పారు, ఆటలు ఆడించారు. విరిగిన హాకీ కర్రలకు దుప్పటి పేలికలు చుట్టి బాగుచేశారు. పిల్లలు ఆయన్ను అంకుల్ ఎరిక్ అనేవారు.

ఆదివారం మాత్రం ఆటలు పెట్టేవారు కాదు. ఒక ఆదివారం పెద్ద పిల్లలు తామే హాకీ ఆడారు. రెఫరీ లేక అది కాస్తా కొట్లాటయింది. పై ఆదివారం ఆయనే రెఫరీగా వచ్చి నిలబడ్డారు. ఒలింపిక్స్ కోసం సడలించని నియమాన్ని ఆ పిల్లల కోసం పక్కన పెట్టారు. రోజూ పిల్లలకు నియమాలు పెట్టే నేను ఆ పని చేయగలనా అని చాలాసార్లు అనుకున్నాను.

1945 ఫిబ్రవరి 21న, 43 ఏళ్లకే, మెదడులో గడ్డతో ఆ శిబిరంలోనే చనిపోయారు. ఆరు నెలల్లోపే అక్కడివాళ్లందరికీ విడుదల వచ్చింది. కెనడాలో పుట్టిన మూడో కూతురిని ఆయన చూడనే లేదు.