గురువారం భోజనానికి తప్పకుండా వచ్చే కావెండిష్

హైడ్రోజన్ పాఠంలో హెన్రీ కావెండిష్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. 1766లో ఆ వాయువును విడిగా గుర్తించి, దాని గుణాలు కొలిచి రాసినవాడు ఆయనే. మనిషి ఎలాంటివాడో మాత్రం పాఠంలో ఉండదు. పెద్ద తరగతుల పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ కలిసి చదువుతారని ఇది రాస్తున్నాం.

ఇంగ్లండులో పేరుమోసిన ప్రభువుల వంశం వాళ్ళది. 1731లో పుట్టాడు. రెండేళ్ళ వయసులోనే తల్లి పోయింది. కేంబ్రిడ్జిలో చదివి, పట్టా తీసుకోకుండానే బయటికొచ్చేశాడు. డబ్బుకు లోటు లేదు, లోటంతా మాటకే. కొత్త మనిషి ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు. రాత్రికి ఏం వండాలో చీటీ రాసి పెట్టేవాడు గానీ వంటామెతో మాట్లాడేవాడు కాదు. ఎప్పుడు చూసినా పాతకాలం నాటి బట్టలే. చూసేవాళ్ళకి ఇది పొగరులా అనిపించడంలో వింతేమీ లేదు. ఈ కాలంలో ఆలివర్ శాక్స్ అనే నరాల వైద్యుడు మాత్రం ఇవి ఆటిజం లక్షణాలై ఉండాలన్నాడు. పోయిన మనిషికి పరీక్ష చెయ్యలేం కాబట్టి ఆ పేరు ఖాయం చెయ్యక్కర్లేదు. అలాంటి పిల్లలు ఏ బడిలోనైనా ఉంటారు.

తండ్రి చార్లెస్ కూడా శాస్త్రవేత్తే. కొడుకుని మార్చాలని చూడకుండా, తనతోపాటు రాయల్ సొసైటీ సమావేశాలకి తీసుకెళ్ళాడు. నా దృష్టిలో ఈ కథలో పెద్ద పని చేసింది ఆ తండ్రే. 1760లో హెన్రీ సభ్యుడయ్యాడు. ఇక ప్రతి గురువారం సభ్యులు కలిసి చేసే భోజనానికి దాదాపు యాభై ఏళ్ళు వెళ్తూనే ఉన్నాడు. అక్కడ వాన, ఎండ, గాలి, నక్షత్రాలు, థర్మామీటర్లు, ఇవే కబుర్లు. ఆయనతో ఎలా మాట్లాడాలో కూడా వాళ్ళు నేర్చుకున్నారు. మొహంలోకి చూడకూడదు. దగ్గరికెళ్ళి, ఎవరూ లేనట్టు గాల్లోకి చూస్తూ విషయం చెప్పాలి. విషయంలో పస ఉంటే జవాబొచ్చేది.

అయినా వాళ్ళకి కూడా చెప్పనివి చాలా ఉన్నాయి. విద్యుత్తు మీద చేసిన ప్రయోగాల కాగితాలు పెట్టెల్లోనే ఉండిపోతే, 1879లో మాక్స్‌వెల్ అచ్చు వేయించాడు.

ఆ సొసైటీలోనే జాన్ మిచెల్ అనే స్నేహితుడు ఉండేవాడు. భూమి సాంద్రత కొలవడానికి ఒక పరికరం తయారుచేసి, ప్రయోగం చెయ్యకుండానే 1793లో చనిపోయాడు. అది చివరికి కావెండిష్ చేతికొచ్చింది. చాలా భాగాలు మళ్ళీ కొత్తగా చేయించాడు. ఒక్కొక్కటి సుమారు 158 కిలోల సీసపు గుండ్లు రెండు. మనిషి ఒంటి వేడికి గాలి కదిలినా లెక్క తప్పుతుందని, పరికరాన్ని మూసిన గదిలో పెట్టి బయటినుంచి దుర్భిణీతో చూసేవాడు. భూమి నీటికన్నా 5.48 రెట్లు సాంద్రమైనదని తేల్చాడు. ఇప్పటి లెక్క 5.51. అప్పటికి ఆయన వయసు 66 దాటింది. 1798లో ఆ వ్యాసం అచ్చయింది. ఈ పద్ధతి మిచెల్ ఆలోచించిందని అందులో మొదట్లోనే రాశాడు.