వర్ణపరిచయకర్త ఈశ్వరచంద్ర విద్యాసాగరులు

విద్యాసాగరులనగానే మన విద్యార్థులకు స్ఫురించేది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరులని పిలుచుకొన్నది కూడా ఆ సంస్కారోద్యమాన్ని బట్టియే. ఆ కథను పలువురు వ్రాసియున్నారు గనుక మేమిక్కడ విస్తరించబోము. అయిదేళ్ల పసివాని చేత అక్షరం దిద్దించటం ఎలాగని ఆలోచించిన పండితునిగా వారిని పాఠకులకు పరిచయం చేయటమే మా ఉద్దేశం.

ఈశ్వరచంద్రులు 1820 సెప్టెంబరు 26న వంగదేశంలో, మేదినీపూర్ ప్రాంతపు వీరసింహ గ్రామంలో జన్మించారు. తండ్రి ఠాకూర్‌దాస్ బంద్యోపాధ్యాయ కలకత్తాలో స్వల్ప వేతనంపై కొలువు చేసేవారు. తల్లి భగవతీదేవి. ఊరిబడి చదువు ముగిసిన పిదప, ఎనిమిదవ ఏట, బాలుడు తండ్రి వెంట కాలినడకన కలకత్తాకు బయలుదేరాడు. దారి పొడవునా పాతిన మైలురాళ్లను చూచి, పట్టణం చేరే లోపుగానే ఇంగ్లీషు అంకెలు నేర్చుకొన్నాడని చెప్తారు. మహనీయుల బాల్యాన్ని గురించిన కథలను మేము కొంత సంశయంతోనే వింటాము గాని, దీనిలో అసంభవమేమీ కనిపించదు. ఇంకెంత దూరం నడవాలో తెలుసుకోగోరే పిల్లవానికి ఆ అంకెలతో నిజమైన అవసరమే ఉన్నది.

ఆ కాలపు పల్లెబడులలో వ్రాత నేర్పే తీరు విలియం ఆడం 1835–38 మధ్య ప్రభుత్వానికి సమర్పించిన నివేదికల వలన తెలుస్తున్నది. మొదట ఓ పది దినాలు ఇసుకలో పుల్లతో అక్షరాలు గీయటం. పిమ్మట తాటాకు. గురువు ఇనుప గంటంతో ఆకుపై అక్షరం గీచి ఇస్తే, శిష్యుడు రెల్లుకలాన్ని బొగ్గుసిరాలో ముంచి ఆ గీతల మీదనే దిద్దేవాడు. సిరా తుడిచి మరల దిద్దవచ్చును. ఈ దశ రెండున్నర మొదలు నాలుగేళ్ల వరకు సాగేది! ఆపైన రెండు మూడేళ్లు అరటాకు మీద వ్రాత, చివరకు కాగితం. ఇసుకలో ఓనమాలు దిద్దించిన మన వీధిబడులను ఎరిగినవారికి ఇది పరాయి విషయంగా తోచదు. చేయి చక్కగా కుదిరేది. లెక్కలూ దస్తావేజులూ వ్రాయటం వచ్చేది. కాని పిల్లవాని చేతికి చదువుకొనే అచ్చుపుస్తకమంటూ ఉండేది కాదు.

ఈశ్వరచంద్రులు సంస్కృత కళాశాలలో 1829 నుంచి 1841 వరకు చదివి విద్యాసాగర బిరుదం పొందారు. ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రధాన పండితులై, 1851లో సంస్కృత కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. 1855లో ప్రభుత్వం వారిని నాలుగు జిల్లాలకు పాఠశాలల ప్రత్యేక తనిఖీ అధికారిగా కూడా నియమించింది. హుగ్లీ, బర్ద్వాన్, మేదినీపూర్, నదియా జిల్లాలలో ఇరవై ఆదర్శ పాఠశాలలను నెలకొల్పి, వాటికి ఉపాధ్యాయులను తయారుచేయటానికి కలకత్తాలో నార్మల్ స్కూలును తెరిచి, దానిని అక్షయకుమార దత్తుగారికి అప్పగించారు.

బడులు ఏర్పడినవి, పంతుళ్లు వచ్చారు. మరి పిల్లలకు పుస్తకమేది? ఆ 1855లోనే వర్ణపరిచయం రెండు భాగాలుగా వెలువడింది. తనిఖీకి పోతూ పల్లకీలో కూర్చుండి వ్రాశారని ప్రతీతి.

సంస్కృత వ్యాకరణంలో నిష్ణాతులైన పండితులు ఈ చిన్న పుస్తకంలో చేసిన పని గమనించదగినది. పదహారు అచ్చులను పన్నెండుకు తగ్గించారు. బెంగాలీలో వాడుకలేని దీర్ఘ ౠ, ౡ లను తొలగించి, అనుస్వార విసర్గలను హల్లులలో చేర్చారు. క్ష అనేది సంయుక్తాక్షరమే గాని వేరొక అక్షరం కాదని వర్ణమాల నుంచి తప్పించారు. మన తెలుగు వర్ణమాల పటాలలో అది చాలకాలం పదిలంగా కూర్చుండియే ఉన్నది! అక్షరాల తరువాత గుణింతపు గుర్తులు లేని చిన్న మాటలు, ఆపై గుర్తులతో కూడినవి, పిదప రెండు మూడు పదాల వాక్యాలు, అటుపైన పాఠాలు. సంయుక్తాక్షరాలను రెండవ భాగానికి వాయిదా వేశారు. అక్కడ ఉపాధ్యాయులకు వారిచ్చిన సూచన మాకు మిక్కిలి నచ్చింది. ఉదాహరణ పదాలలో అక్షరాలు కలిసిన తీరును మాత్రమే నేర్పాలి. అర్థాలు కూడ అప్పుడే చెప్పబోతే గురుశిష్యులిద్దరికీ కష్టమే. అరువదవ ముద్రణ నాటికి కూడా, పిల్లలు అక్షరం పలుకవలసిన చోట దాని ముందు అచ్చు అనే మాట చేర్చి వల్లిస్తున్నారని గమనించి, ఉత్త ధ్వనినే పలికించవలసిందని పంతుళ్లకు చెప్పారు.

అయితే పుస్తకం లోపరహితమని మేమనము. మొదటి భాగం చివర బుద్ధిమంతుడైన గోపాల్, అల్లరివాడైన రాఖాల్ ఎదురుబొదురుగా నిలుస్తారు. ఈ పుస్తకంతోనే అక్షరాలు నేర్చిన రవీంద్రనాథ ఠాగూరు తరువాతి కాలంలో, విద్యాసాగరులు స్వయంగా గోపాల్ కంటె రాఖాల్‌నే ఎక్కువగా పోలియుండేవారని చమత్కరించారు. రెండవ భాగంలో దొంగతనం మరిగి ఉరికంబమెక్కే భువన్ కథ పసివారికి మరీ కఠినం. మరొక మాట. గోపాల్, రాఖాల్, యాదవ్, నవీన్, మాధవ్ — ఆ పుటలలోని పిల్లలు వీరే. వంగదేశపు ముస్లిం రైతుబిడ్డ కూడ ఆ పుస్తకంతోనే అక్షరం నేర్చినాడు గాని, అందులో తన ఇంటి పేరు ఒక్కటీ వానికి కనిపించలేదు. రెండు భాషల విద్యార్థులు చదివే మన కళాశాలలో ఈ సంగతి చెప్పకపోవటం సబబు కాదని తలచాము.

1857 నవంబరు, 1858 మే మాసాల మధ్య విద్యాసాగరులు ముప్పదియైదు బాలికా పాఠశాలలను తెరిచారు. వాటి ఖర్చును శాశ్వతంగా భరించటానికి ప్రభుత్వం సమ్మతించలేదు. ఆ సంవత్సరమే నెలకు అయిదువందల రూపాయల ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, చందాల నిధి పోగుచేసి, పుస్తకాలపై వచ్చే ఆదాయాన్ని జోడించి, వీలయినన్ని బడులను నిలిపారు. పసిపిల్లల పుస్తకమే పసిపిల్లల బడిని పోషించిందన్నమాట.

చివరి సంవత్సరాలలో నగరంపై విసుగుచెంది, నేటి జార్ఖండ్‌లోని కర్మాటాడ్‌లో ఇల్లు కట్టుకొని, సంతాలులకు హోమియోపతి మందులిస్తూ ఎక్కువ కాలం గడిపారు. 1891 జూలై 29న కలకత్తాలో కన్నుమూశారు. వర్ణపరిచయం మాత్రం అచ్చవుతూనే ఉన్నది.