హాస్యసంజీవని

మూర్ఖత్వం చదువులేనివారి సొత్తు కాదు. శాస్త్రాలు చదివినవారిలో, సిరిసంపదలున్నవారిలో, పదిమందికి నీతులు చెప్పేవారిలో కూడా అది హాయిగా కాపురం చేస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించి, తెలుగువారి అవివేకాన్ని తెలుగువారికే చూపి నవ్వించిన మహనీయుడు కందుకూరి వీరేశలింగం పంతులు.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించారు. నాలుగేళ్ల వయస్సులోనే తండ్రిని కోల్పోయి, పెదతండ్రి సంరక్షణలో పెరిగారు. దయ్యాల పేరు చెప్పి మంత్రగాళ్లు అమాయకులను దోచుకోవడం ఆయన సహించలేకపోయారు. దయ్యాలు లేవని వాదించి ఊరుకోక, అర్ధరాత్రి వేళ శ్మశానానికి వెళ్లి వచ్చేవారు. ఆయనకు దయ్యం కనబడలేదు. దయ్యాలను నమ్ముకొని బతికే మంత్రగాళ్లకు మాత్రం పంతులుగారే దయ్యమై కనబడి ఉంటారు!

1874లో ఆయన వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. 1876లో దానికి తోడుగా హాస్యసంజీవనిని వెలువరించారు. తెలుగులో తొలి హాస్యపత్రికగా అది ప్రసిద్ధికెక్కింది. సంజీవని మూర్ఛిల్లినవారిని లేపుతుంది. ఆచారమనే మూర్ఛలో ఉన్న సంఘాన్ని లేపడానికి పంతులుగారు హాస్యాన్ని మందుగా ఎన్నుకొన్నారు. కోపంతో మందలిస్తే మనిషి చెవులు మూసుకొంటాడు. నవ్విస్తూ చెబితే, పొరుగువాని కథ అనుకొని ఆసక్తిగా వింటాడు. ఆ కథ తనదేనని తెలిసేసరికి మందు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

పెద్దయ్యగారి పెళ్లి అన్న పేరుతో ప్రచారం పొందిన బ్రహ్మవివాహంలో, ముదిమి వయస్సులో పసిపిల్లను పెళ్లాడే దురాచారాన్ని ఆయన పరిహసించారు. ప్లీడరు నాటకంగా పేరుపొందిన వ్యవహారధర్మబోధినిలో న్యాయవాద వృత్తిలోని కపటాన్ని బయటపెట్టారు. 1878 నాటి రాజశేఖరచరిత్రలో, బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు ఉన్న బంగారాన్ని పోగొట్టుకొంటాడు. అతడు చదువులేనివాడు కాడు. అత్యాశ కన్ను కప్పినప్పుడు చదువు దారి చూపలేదు.

ఆంగ్ల రచయిత స్విఫ్టు రాసిన గలివరు యాత్రలు ఆదర్శంగా ఆయన సత్యరాజా పూర్వదేశయాత్రలను రచించారు. అందులోని ఒక దేశంలో స్త్రీలు చదువుకొని అధికారం చెలాయిస్తారు. పురుషులు ఇంటికి పరిమితమై భార్యల సేవలో గడుపుతారు. చదివిన పురుషునికి అది వింతగా, అన్యాయంగా తోస్తుంది. తన ఇంట జరుగుతున్నదీ అదే కదా అన్న ఆలోచన ఆ వెంటనే కలుగుతుంది. అద్దాన్ని తిప్పి చూపడమే ఆ రచనలోని చమత్కారం.

అయితే పుస్తకం చదివి నవ్వడం సులభం. నవ్విన తరువాత నడత మార్చుకోవడం కష్టం. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో పంతులుగారు తొలి వితంతు వివాహాన్ని జరిపించినప్పుడు ఈ సంగతి తేటతెల్లమయింది. బంధువులు దూరమయ్యారు. వెలివేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. వంటవారు, నీళ్లు తెచ్చేవారు సైతం ఆ ఇంటికి రావడానికి వెనుకాడారు. అప్పుడు ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నీరు మోసి తెచ్చి, వంట చేసి, భర్త ఆశయాన్ని నిలబెట్టారు. పసిబాలికను వృద్ధునికి కట్టబెట్టినప్పుడు కలగని సిగ్గు, వితంతువు తిరిగి సుమంగళి అయినప్పుడు లోకానికి కలిగింది! ఇంతకు మించిన ప్రహసనాన్ని ఏ రచయితా కల్పించలేడు.

పంతులుగారు తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి అప్పగించి, 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. ఆయన హాస్యం కాలక్షేపానికి పుట్టినది కాదు. దాని వెనుక పసిపిల్లల, వితంతువుల కన్నీరు ఉంది. ఎదుటివారి అవివేకాన్ని చూసి నవ్వడం అందరికీ చేతనవును. ఆ నవ్వులో తన ముఖాన్ని కూడా చూసుకోగలిగినవాడే వివేకి.