ఎర్నెస్టు ఎవరెట్ జస్టు

సముద్రజీవుల అండములను జీవితమంతయు పరిశీలించిన ఎర్నెస్టు జస్టు 1883వ సంవత్సరము ఆగష్టు 14వ తేదీన అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రమున, చార్లెస్టను నగరమందు ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి మేరీ ఉపాధ్యాయిని. వేసవిలో ఫాస్ఫేటు గనులలో కూలిపని కూడ చేసి బిడ్డలను పోషించెను.

జస్టు 1907లో డార్ట్‌మత్ కళాశాలనుండి మిక్కిలి ప్రశస్తితో పట్టము పొందెను. అయినను నల్లజాతివానికి తెల్లవారి విశ్వవిద్యాలయములలో ఉద్యోగ మెక్కడిది? వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయమున చేరి మొదట ఆంగ్లమును, పిదప జీవశాస్త్రమును బోధించెను. 1916లో చికాగోలో డాక్టరు పట్టమందెను.

1909 మొదలు దాదాపు ఇరువది వేసవులు మసాచుసెట్సు తీరమందలి వుడ్స్ హోల్ పరిశోధనాలయమున గడపెను. ఆచార్య లిల్లీ ఆయనకు గురువు. రాత్రివేళ లాంతరు వెలుగున నీటిపై తిరుగు నెరీసు అను పురుగులను పట్టి, వాని అండములను శుక్రకణములతో కలిపి చూచెడివాడు. శుక్రకణము చొచ్చిన చోటు ననుసరించియే అండము మొదటిసారి రెండుగా చీలునని 1912లో చూపెను. ఆ చీలిక అండమునందు ముందుగా నిర్ణయమై యుండలేదన్నమాట.

ఇసుకలో బ్రదుకు బిళ్ళవంటి జీవి యొకటి కలదు. దాని అండమును శుక్రకణము తాకినచోటినుండి ఒక మార్పు అలవలె చుట్టును వ్యాపించును. ఆ పిదపనే పైపొర లేచును. పొర లేవకమునుపే రెండవ శుక్రకణమునకు ద్వారము మూసికొనునని జస్టు గ్రహించెను. రెండు చొచ్చినచో విభజనము గతితప్పి పిండము నశించును. అందుచే అండపు ఉపరితలము వట్టి తొడుగు కాదనియు, జీవక్రియలో ప్రధానాంగమనియు ఆయన వాదించెను. జన్యువుల పాత్రను తగ్గించి పలికినచోట మాత్రము ఆయన వాదము నిలువలేదు.

పాత్ర శుభ్రముగా లేకున్నను, నీరు కొంచెము వేడెక్కినను ఫలితము చెడునని ఆయన పట్టుపట్టెడివాడు. ప్రయోగము విఫలమైన పండితులు ఆయన సలహాకై వచ్చెడివారు. వారి విశ్వవిద్యాలయములు మాత్రము ఆయనకు స్థానమొసగలేదు.

1929లో నేపుల్సునకు, 1930లో బెర్లినునకు వెళ్లెను. అచ్చట ఆయనను శాస్త్రజ్ఞునిగా గౌరవించిరి. 1933లో నాజీలు అధికారమునకు వచ్చిరి, జర్మనీద్వారము మూతపడెను. 1938లో స్వదేశమును విడిచి ఫ్రాన్సున పనిసాగించెను. కణోపరితలమును గూర్చిన ఆయన ప్రధానగ్రంథము 1939లో వెలువడెను. మరుసటియేడు ఫ్రాన్సు నాక్రమించిన జర్మనులు ఆయనను నిర్బంధించిరి. విడుదలపొంది వ్యాధితో అమెరికా చేరి, 1941 అక్టోబరు 27న వాషింగ్టనులో మరణించెను.

సీ అర్చిన్ అను ముండ్లజీవి అండమున, శుక్రకణము సోకిన కొన్ని క్షణములలోనే ఉపరితలపు విద్యుత్స్థితి మారి రెండవదానిని అడ్డగించునని 1976లో ప్రయోగములు తెలిపెను.