నల్లమలకు వచ్చిన వేటగాడు

నంద్యాల నుండి గిద్దలూరునకు పోవు రైలు గాజులపల్లె దాటిన పిమ్మట నల్లమలలో ప్రవేశించును. 19వ శతాబ్ది చివరి భాగమున కొండలను తొలిచి, లోయలపై ఎత్తైన వంతెనలు కట్టి ఈ మార్గమును నిర్మించిరి. అది అప్పుడు మీటరు గేజి దారి. చెలమ, బొగద, దిగువమెట్ట అను చిన్న స్టేషనులు అడవి నడుమ నుండెను. రాత్రివేళ స్టేషను దీపము కనబడు మేర దాటినచో అంతయు పులులకు, ఎలుగులకు, దుప్పులకు చెందిన రాజ్యమే. ఈ స్టేషనుల పేర్లను ఎక్కడెక్కడి పాఠకులకో తెలియజేసినవాడు బెంగుళూరు నుండి తుపాకితో వచ్చిన ఒక వేటగాడు. అతడే కెన్నెత్ ఆండర్సను.

ఆండర్సను 1910వ సంవత్సరము మార్చి 8వ తేదీన సికింద్రాబాదు దాపుననున్న బొల్లారములో జన్మించెను. అతని పూర్వులు స్కాట్లండు దేశస్థులు. అయినను ఆ కుటుంబము కొన్ని తరముల క్రిందటనే మన దేశమునకు వచ్చి స్థిరపడినది. తండ్రి సైనికుల జీతభత్యముల లెక్కలు చూచు శాఖలో ఉద్యోగి. కుమారుడు బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలో చదివెను. పిమ్మట న్యాయశాస్త్రము నేర్చుటకు ఎడింబరో నగరమునకు వెళ్లెను గాని అచ్చట అతని మనసు నిలువలేదు. చదువు మాని తిరిగి వచ్చి తంతి తపాలా శాఖలోను, తరువాత బెంగుళూరు విమాన కర్మాగారములోను ఉద్యోగము చేసెను. సెలవు దొరికినప్పుడెల్ల అడవిదారి పట్టుట అతని అలవాటు. పట్టణమున ఉద్యోగి, అడవిలో వేటగాడు. ఇట్లు రెండు జీవితములను అతడు ఏకకాలమున గడపెను.

ఆ కాలమున అడవిలో వేటాడవలెనన్న ఏమి చేయవలెనో తెలిసికొనుట అవసరము. 1882వ సంవత్సరమున మద్రాసు అటవీ చట్టము వచ్చినది. అంతకు పూర్వము చుట్టుపట్ల గ్రామములవారు స్వేచ్ఛగా తిరిగిన కొండలు, లోయలు ఆ చట్టము వలన ప్రభుత్వపు రిజర్వు అడవులైనవి. నియమములకు విరుద్ధముగా అచ్చట వేటాడుట, వలలు, ఉచ్చులు పన్నుట, నీటిలో విషము కలుపుట నేరములు. వేట కోరువాడు అటవీ అధికారికి రుసుము చెల్లించి అనుమతి పత్రము పొందవలెను. ఏ భాగమున, ఎన్ని దినములు, ఏయే జంతువులను, ఎన్నింటిని కొట్టవచ్చునో ఆ నియమములే నిర్ణయించును. కొమ్ములు గల మగ దుప్పిని కొట్టవచ్చును గాని ఆడుదానిని కొట్టరాదు.

చూచుటకు ఇది న్యాయముగనే యున్నది. కాని దూరదేశము నుండి నిన్న వచ్చినవాడు రుసుము చెల్లించి నేడు దుప్పిని కొట్టవచ్చును. ఆ అడవిలోనే పుట్టి, దానిలోనే ముసలివాడైన మనిషి పత్రము లేక అదే దుప్పిని కొట్టినచో దొంగయగును. ఆండర్సను ఈ చిక్కును పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. సేలం జిల్లాలోని చినార్ నదీప్రాంతమున అతనికి బైర అను గిరిజనుడు తారసపడెను. బైర పూజారీ తెగవాడు. అనుమతి లేని నాటుతుపాకితో వన్యమృగములకై పొంచియుండుట అతని వృత్తి. చట్టమును బట్టి ఆండర్సను అతనిని అటవీ ఉద్యోగులకు అప్పగింపవలసినది. అతడట్లు చేయలేదు. అధికారుల పుస్తకములలో నేరస్థుడైన ఆ మనిషినే తన గురువుగా గైకొనెను. వారి స్నేహము చాలకాలము నిలిచెను. ఆండర్సను చదివిన పాఠశాలలన్నింటికంటె ఇదియే గొప్ప పాఠశాల యనవచ్చును.

ఆ విద్య ఎట్టిది? క్రొత్త అడవికి వచ్చిన వేటగానికి మొదట కావలసినది గురి కాదు, చెవి. చుక్కల దుప్పి పులిని చూచినచో కీచుమని హెచ్చరించును. కణితి పెద్దగొంతుతో ఒక్కమారు మ్రోగును. కొండముచ్చు చెట్టుపై నుండి దగ్గినట్లు కూయును. ఈ కూతలు ఏ దిక్కున మొదలై ఏ దిక్కునకు జరుగుచున్నవో వినినచో, కంటికి కనబడని పులి నడచు దారి తెలియును. గాలి ఏ వైపునకు వీచుచున్నదో ఎరుగనివానిని దుప్పి దగ్గరకు రానీయదు. మన నల్లమలలో ఈ విద్యకు ఆచార్యులు చెంచులు. వేసవిలో ఆకులు రాలి, వాగులు ఎండినప్పుడు ఏ చెలమలో నీరు మిగులునో, దుప్పుల మంద ఏ వేళకు అచ్చటికి దిగునో వారికి తెలిసినట్లు మరెవరికి తెలియదు.

వేట ఈ ప్రాంతమున ఆహారము కొరకే కాదు, ఆచారమున కూడ కలదు. ఆళ్లగడ్డకు తూర్పున కొండల నడుమ అహోబిల క్షేత్రము వెలసినది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని ఐతిహ్యము. ఏటేట సంక్రాంతి వేళ స్వామి పారువేటకు బయలుదేరి, నలుబది దినములకు పైగా ఆళ్లగడ్డ, రుద్రవరము ప్రాంతముల గ్రామములలో సంచరించును. స్వామి పల్లకికి చెంచులు బాణములు సంధించుట ఆ ఉత్సవములో ఒక ముఖ్యఘట్టము. దేవునిపై బాణము వేయు హక్కు గలవారికి అడవిలో విల్లు పట్టు స్వేచ్ఛ మాత్రము నానాటికి తగ్గిపోయినది.

ఆండర్సనుకు కీర్తి తెచ్చినది దుప్పుల వేట కాదు, మనుష్యులను చంపు మృగముల వేట. 1939 మొదలు 1966 వరకు అతడు 7 పులులను, 8 చిరుతలను చంపినట్లు ప్రభుత్వ లెక్కలలో నున్నదందురు. మైసూరు ప్రాంతమున 12 మందిని చంపిన ఎలుగును కూడ అతడే వధించెను. నంద్యాల, గిద్దలూరుల నడుమ రైలుదారి వెంట తిరిగిన నరభక్షకమును గూర్చియు, చిత్తూరు జిల్లాలోని చామలలోయ పులిని గూర్చియు వ్రాసెను. అతని కథలలో కొంత అలంకారము ఉండవచ్చును. వేటగాండ్ర కథలలో అది క్రొత్త కాదు. కాని పులి నరభక్షకమగుటకు అతడు చూపిన కారణములు మాత్రము ఆలోచింపదగినవి. గురి కుదరనివాడు పేల్చిన గుండు తగిలి కుంటిదైన పులి, దుప్పిని తరుమలేదు. దుప్పులు తరిగిపోయిన అడవిలో ఆరోగ్యముగల పులికి సైతము ఆకలి తీరదు. అట్టి పులులు మొదట పశువులపై, పిదప పశులకాపరులపై పడును. సరదాకై ఎవడో దుప్పులను కాల్చి పట్టణమునకు వెళ్లిపోవును; ప్రాణములు పోగొట్టుకొనువారు కట్టెలకు వెళ్లిన పల్లెవారు.

1954వ సంవత్సరమున అతని మొదటి పుస్తకము వెలువడెను. తరువాత మరికొన్ని వచ్చినవి. వానిలో పోనుపోను వేటకంటె అడవిని గూర్చిన వర్ణనయే ఎక్కువయ్యెను. రాత్రివేళ మోటారు బండ్లలో వచ్చి, దీపకాంతితో జంతువుల కన్నులు చెదరజేసి, ఆడ మగ భేదము లేక చంపువారిని అతడు తీవ్రముగా నిందించెను. తాను తుపాకిని ప్రక్కనుంచి కెమెరాతో తిరుగసాగెను. 1974వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన క్యాన్సరు వ్యాధితో బెంగుళూరులో మరణించెను.

అప్పటికి రెండేండ్ల క్రిందటనే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చియుండెను. 1978లో కృష్ణానదికి ఇరుప్రక్కల నాగార్జునసాగర్ శ్రీశైలము అభయారణ్యము ఏర్పడెను. 1983లో అది పులుల సంరక్షణ ప్రణాళికలో చేరెను. నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న గుండ్ల బ్రహ్మేశ్వరము అడవి 1990లో అభయారణ్యమైనది. 1991లో చట్టమును సవరించిన పిదప దుప్పిని వేటాడుటకు రుసుము చెల్లించి అనుమతి పొందు పద్ధతియే అంతరించినది. బెంగుళూరు దొరకైనను, నంద్యాల షావుకారుకైనను ఇప్పుడు ఆ పత్రము దొరకదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చెంచుల వంటివారికి అడవిలో నివసించుటకు, తేనె మొదలగు చిన్న ఉత్పత్తులు సేకరించుటకు హక్కులిచ్చినది. వేట హక్కును మాత్రము ఆ చట్టము వారికి కూడ ఇయ్యలేదు.