హృదయ ద్వారమును తట్టిన వైద్యుడు: వెర్నర్ ఫోర్స్‌మన్

కొందఱు శిశువులకు పుట్టుకతోడనే హృదయమున ఒక లోపముండును. కుడి జఠరికనుండి ఊపిరితిత్తులకు రక్తము పోవు ద్వారమున మూడు రేకుల కవాటము కలదు. ఆ రేకుల అంచులు ఒకదానితో నొకటి అతుకుకొనిపోయినచో ద్వారము ఇఱుకై చిన్న రంధ్రము మాత్రమే మిగులును. దాని గుండ రక్తమును నెట్టుటకై జఠరిక రేయింబవళ్లు పెనగులాడి, కండ బలిసి, తుదకు అలసిపోవును. ఒకప్పుడు దీనికి ఱొమ్ము కోసి చేయు శస్త్రచికిత్స తప్ప వేఱు మార్గము లేకుండెను. నేడు తొడ సిరనుండి సన్నని గొట్టమును లోనికి పంపి ఆ ద్వారమును తెఱచుచున్నారు. బ్రతికియున్న మనుష్యుని గుండెలోనికి అట్టి గొట్టము క్షేమముగా పోగలదని తన దేహముమీదనే చూపినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్.

ఆయన 1904వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. న్యాయవాదియైన తండ్రి మొదటి ప్రపంచయుద్ధమున మరణింపగా తల్లి ఉద్యోగము చేసి కుమారుని చదివించెను. వైద్యవిద్య నభ్యసించు కాలమున ఒక గ్రంథములోని చిత్రము ఆయన మనస్సునకు హత్తుకొనెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షోవో, మారే అనువారు గుఱ్ఱము మెడసిరనుండి గొట్టమును దాని గుండెలోనికి దింపి రక్తపీడనమును కొలిచిన చిత్రమది. గుఱ్ఱము చావలేదు. మనుష్యుడు మాత్రము ఏల చావవలెను? ఆనాడు ప్రాణాపాయ సమయమున గుండెకు మందు చేర్పవలసివచ్చినచో ఱొమ్ముపైనుండి సూదిని గ్రుచ్చుచుండిరి. ఆ సూది లోపల ఏ రక్తనాళమును చీల్చునో ఎవ్వరికిని తెలియదు. సిర యను సహజమార్గ ముండగా ఇంత ప్రమాదమేలయని ఫోర్స్‌మన్ తలంచెను.

1929 వేసవిలో ఆయన బెర్లినుకు సమీపముననున్న ఎబర్స్‌వాల్డె పట్టణపు వైద్యశాలలో శస్త్రవైద్యమున శిక్షణ పొందుచుండెను. ప్రధానవైద్యుడు ష్నైడర్ ఈ ప్రయోగమును రోగులపైనను చేయరాదు, తనపైనను చేసికొనరాదు అని ఆయనను కట్టడి చేసెను. శుద్ధిచేసిన పరికరముల తాళపుచెవి గెర్డా డిట్జెన్ అను నర్సు వద్ద ఉండెను. ఫోర్స్‌మన్ ఆమెకు తన ఉద్దేశమును వివరించి ఒప్పింపగా, ప్రయోగము తనపైననే చేయుడని ఆమె ముందుకు వచ్చెను. సరేయని ఆమెను బల్లకు కట్టి, ఆమె చూడకుండ తన ఎడమ మోచేతివంపున మత్తుమందు పొడిచికొని, సిరను కోసి, మూత్రనాళములకు వాడు సన్నని గొట్టమును లోనికి దోయసాగెను. నిజము తెలియునప్పటికి ఆమె చేయగలిగిన దేమియు లేదు. కట్లు విప్పిన పిమ్మట ఇద్దఱును మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచిరి. గొట్టము చేతినుండి వ్రేలాడుచుండెను. ఆమె అద్దము పట్టుకొనగా తెరమీది నీడను అందులో చూచుకొనుచు ఆయన గొట్టమును ఇంకను నెట్టెను. తోటివైద్యుడొకడు పరుగున వచ్చి దానిని లాగివేయబోగా ఆయన వారించెను. 65 సెంటీమీటర్లు పోవునప్పటికి గొట్టపు కొన కుడి కర్ణికను చేరెను. ఎక్స్‌రే చిత్రము తీయబడెను.

ఆ సాహసము మెచ్చదగినదే. నమ్మి వచ్చిన యువతిని మోసగించి కట్టివేయుట మాత్రము మెచ్చదగినది కాదు. ఈ కథ బడిలో చెప్పునపుడు ఆ భాగమును దాటవేయుట తగదు.

ఆ నవంబరులో ఒక జర్మను వైద్యపత్రికలో ఆయన వ్యాసము వెలువడెను. గౌరవమునకు బదులు పరిహాసము లభించెను. బెర్లినులోని షారిటే వైద్యశాలలో సుప్రసిద్ధుడైన జావర్‌బ్రుఖ్ కడ దొరికిన ఉద్యోగము కొలదికాలముననే పోయెను. ఐనను ఫోర్స్‌మన్ ఎక్స్‌రేలో కనబడు ద్రవమును కుక్కల గుండెలలోనికిని, పిదప తన గుండెలోనికిని ఎక్కించి చూచెను. ఆదరించువారు లేక, తుదకు హృదయమును విడిచి మూత్రకోశ వైద్యమునకు మరలెను.

1932లో ఆయన నాజీపక్షమున చేరెను. ఆయన శాస్త్రకృషి ఎంత గొప్పదైనను ఆ మచ్చను కడుగజాలదు. యుద్ధమున సైనికవైద్యుడై అమెరికనులకు బందీగా చిక్కెను. విడుదలయైన పిదప, తనవలెనే వైద్యురాలైన భార్యతో కూడి పల్లెసీమలలో వైద్యము చేసికొనుచు, 1950 మొదలు బాడ్ క్రాయిట్స్‌నాఖ్ అను చిన్నపట్టణమున స్థిరపడెను.

ఈ నడుమ న్యూయార్కు నగరపు బెల్వ్యూ వైద్యశాలలో కూర్నాన్, రిచర్డ్స్ అను వైద్యులు ఫోర్స్‌మన్ త్రోవ పట్టి గుండె గదులలోని పీడనమును, ప్రాణవాయువును కొలుచుచుండిరి. కవాటము ఎంత ఇఱుకైనదో దాని ఇరుప్రక్కలనున్న పీడనముల తేడాను బట్టి అంకెలలో చెప్పుట అట్లు సాధ్యమయ్యెను. 1956వ సంవత్సరపు నోబెల్ బహుమానము వారిరువురితోపాటు ఫోర్స్‌మన్‌కును లభించెను. కాని హృదయవిజ్ఞానము అప్పటికే ఆయనను వెనుక విడిచి బహుదూరము సాగిపోయెను.

అంతవఱకు కొలతలకే పనికివచ్చిన గొట్టము చికిత్సకును పూనుకొనెను. 1966లో ఫిలడెల్ఫియా వైద్యుడు రష్కిండ్, దాని కొనకు చిన్న బుడగను తగిలించి, రక్తము కలియక నీలివన్నె తేలిన శిశువుల గుండెలో రెండు కర్ణికల నడిమి గోడను తెఱచెను. 1977లో జ్యూరిక్ నగరమున గ్రూన్‌ట్సిగ్ గుండెకు రక్తము నిచ్చు ధమనిని బుడగతో వెడల్పు చేసెను. ఫోర్స్‌మన్ 1979 జూన్ 1వ తేదీన గుండెపోటుతో మరణించెను.

1982లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలకు చెందిన జీన్ కాన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును ఎనిమిదేండ్ల బిడ్డకు చేసిన చికిత్సను లోకమునకు తెలిపిరి. గొట్టము తొడ సిరనుండి కుడి కర్ణికకు, అటనుండి జఠరికకు, అటనుండి కవాటమునకు పోవును. కొననున్న బుడగను కవాటపు నడుమ నిలిపి కొలది సెకండ్లు ఉబ్బింతురు. అతుకులు విడిపోవును. బుడగను ముడిచి బయటికి తీయుదురు. ఱొమ్ము కోయనక్కఱ లేదు; బిడ్డ సాధారణముగా ఒకటి రెండు దినములలో ఇల్లు చేరును. దేహమునకు రక్తము పంపు బృహద్ధమని కవాటమునకును ఈ చికిత్స కలదు గాని, అచ్చట కవాటము కారుట, కొన్నియేండ్లకు మరల ఇఱుకగుట మొదలగు చిక్కులు హెచ్చు. మన దేశపు పిల్లలలో కీళ్లవాత జ్వరము మిగిల్చిపోవు ఎడమ కవాటపు సంకోచమునకు జపానువాడైన ఇనోవె కల్పించిన బుడగను వాడుదురు. ఆయన దానిని మొదట ప్రయోగించినదియు 1982లోనే.