మరణానంతరం లోకానికి తెలిసిన పేరు: సెర్గీ కొరోలెవ్

1966 జనవరి 16న సోవియట్ దినపత్రిక ప్రావ్దాలో ఒక సంతాప వార్త, దానితోపాటు ఒక ఛాయాచిత్రం వెలువడ్డాయి. స్పుత్నిక్‌ను, యూరీ గగారిన్‌ను అంతరిక్షానికి పంపిన చీఫ్ డిజైనర్ ఎవరో సామాన్య ప్రజలకు తెలిసింది ఆ రోజే. ఆయన పేరు సెర్గీ పావ్లోవిచ్ కొరోలెవ్. అప్పటికి ఆయన మరణించి రెండు రోజులైంది.

కొరోలెవ్ 1907 జనవరి 12న, నాటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో జన్మించారు. తల్లిదండ్రులు విడిపోవడంతో బాల్యం అమ్మమ్మ, తాతయ్యల వద్ద గడిచింది. ఒడెస్సాలో చదువుకుంటూ పదిహేడేళ్ల వయసులోనే ఒక గ్లైడర్‌కు రూపకల్పన చేశారు. కీవ్‌లో ప్రారంభించిన ఇంజనీరింగ్ విద్యను మాస్కోలో పూర్తిచేశారు. అక్కడ ప్రసిద్ధ విమాన రూపకర్త ఆంద్రే టుపొలెవ్ ఆయనకు మార్గదర్శకుడు. 1931లో ఫ్రీడ్రిఖ్ త్సాండర్ తదితరులతో కలిసి రాకెట్ పరిశోధక బృందాన్ని నెలకొల్పారు. 1933 ఆగస్టు 17న మాస్కో సమీపంలోని నఖాబినోలో ఆ బృందం ప్రయోగించిన రాకెట్ సుమారు 400 మీటర్ల ఎత్తుకు ఎగిరింది.

అయిదేళ్లు తిరగకముందే ఆయన జీవితం తలకిందులైంది. స్టాలిన్ పాలనలో సాగిన సామూహిక నిర్బంధాలలో భాగంగా 1938 జూన్‌లో రహస్య పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. విద్రోహానికి పాల్పడ్డారన్న అబద్ధపు అభియోగం మోపి, చిత్రహింసలు పెట్టి, పదేళ్ల శిక్ష విధించారు. సైబీరియా ఈశాన్య అంచున ఉన్న కొలిమా బంగారు గనులలో ఆకలితో, చలితో, స్కర్వీ వ్యాధితో ఆయన పళ్లు రాలిపోయాయి. 1940లో మాస్కోకు తెచ్చి, ఖైదీలైన ఇంజనీర్లు పనిచేసే విమాన నిర్మాణ కార్యాలయంలో నియమించారు. అక్కడి పర్యవేక్షకుడు ఒకనాటి గురువు టుపొలెవే, ఆయనా ఖైదీయే. 1944లో కొరోలెవ్‌కు విముక్తి లభించింది.

మరుసటి ఏడాదే ఆయనను జర్మనీకి పంపి, వీ-2 క్షిపణుల అధ్యయనం అప్పగించారు. ఆ అనుభవంతో మొదలైన కృషి ఆర్-7 ఖండాంతర క్షిపణికి దారితీసింది. 1957 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. ఆరు నెలల్లోపే, అక్టోబరు 4న, ఆ క్షిపణియే 83.6 కిలోల స్పుత్నిక్‌ను కక్ష్యలో నిలిపింది. 1961 ఏప్రిల్ 12న దాని నుంచి రూపొందిన రాకెట్‌పై బయలుదేరిన గగారిన్ 108 నిమిషాలలో భూమిని చుట్టి వచ్చారు. 1965 మార్చిలో అలెక్సీ లియోనోవ్ వ్యోమనౌక వెలుపలికి వచ్చి అంతరిక్షంలో తేలియాడారు.

ఇన్ని విజయాల వెనుక ఉన్న మనిషి మాత్రం రాజ్య రహస్యంగానే మిగిలిపోయారు. విదేశీ సదస్సులలో సోవియట్ విజయాల గురించి ఇతర శాస్త్రవేత్తలు మాట్లాడారు. ప్రావ్దాలో ఆయన రాసిన వ్యాసాలు సైతం ప్రొఫెసర్ కె. సెర్గేయెవ్ అనే మారుపేరుతో వెలువడ్డాయి. గగారిన్‌కు ప్రపంచమంతా నీరాజనాలు పడుతుంటే, ఆయనను పంపినవారు పేరు లేకుండా ఉండిపోయారు.

1966 జనవరి 14న మాస్కోలో శస్త్రచికిత్స జరుగుతుండగా కొరోలెవ్ కన్నుమూశారు. వయసు 59 ఏళ్లు. చంద్రునిపైకి మనిషిని పంపేందుకు ఆయన తలపెట్టిన భారీ రాకెట్ ఎన్-1 అప్పటికి పూర్తికాలేదు. 1969 నుంచి 1972 వరకు జరిగిన దాని నాలుగు ప్రయోగాలూ విఫలమయ్యాయి.

ఆర్-7 సంతతి మాత్రం నిలిచింది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మను అంతరిక్షానికి చేర్చిందీ, 1988 మార్చిలో భారత దూర సంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎను కక్ష్యకు మోసిందీ ఆ కుటుంబపు రాకెట్లే. మాస్కో శివారులో ఆయన పనిచేసిన పట్టణం 1996 నుంచి కొరోలెవ్ పేరుతోనే ఉంది. బతికున్నంత కాలం దాచిన పేరు ఇప్పుడు ఊరి పేరైంది.